సందు మలుపు కొట్టులోంచి వచ్చిన పాట

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

ఈవేళ ఒక ఇంగ్లీషు రాక్ సంగీత బృందం గురించి చెప్పాలని వచ్చాను. రాక్ అనగానే రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఆ బృందానికి పేరు తెచ్చిన పాట మన ఆశా భోంస్లే మీద కట్టింది. అందులో లతా మంగేష్కర్ ఉన్నారు, మహమ్మద్ రఫీ ఉన్నారు, ఆకాశవాణి పేరు కూడా ఉంది. 1998 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో రికార్డుల అమ్మకాల పట్టికలో ఆ పాట మొట్టమొదటి స్థానంలో నిలబడింది.

బృందం పేరు ‘కార్నర్‌షాప్’. అంటే సందు మలుపులో ఉండే చిల్లర కొట్టు అన్నమాట. అలాంటి కొట్టు విలువ యారాడ లాంటి ఊళ్ళో ఉండేవాళ్ళకి బాగా తెలుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతల, మూడు వైపులా కొండలు, ఒకవైపు సముద్రం. రాత్రి వేళ పంచదార అయిపోతే కొండ దాటి విశాఖపట్నం బజారుకి ఎవరు వెళ్తారు చెప్పండి? ఊళ్ళో కొట్టాయనే దిక్కు. ఇంగ్లండులో ఆ పనికి పూనుకున్నవాళ్ళలో చాలామంది మనదేశం నుంచీ, పాకిస్తాను నుంచీ, తూర్పు ఆఫ్రికా నుంచీ వలస వెళ్ళిన కుటుంబాలవాళ్ళు. తెల్లారకుండా కొట్టు తెరవడం, ఊరంతా నిద్రపోయాక మూయడం. గల్లా దగ్గర ఇల్లాలు, వెనక గదిలో పెట్టెలు సర్దుతూ పిల్లలు. వాళ్ళ దగ్గర పాలూ రొట్టే కొనుక్కుని వెళ్ళినవాళ్ళలోనే కొందరు, “వీళ్ళకి కొట్టు పెట్టుకోవడం తప్ప ఇంకేం చాతనవును?” అని వేళాకోళం చేసేవారు. ఆ వేళాకోళాన్నే ఈ కుర్రాళ్ళు తమ బృందానికి పేరు పెట్టేసుకున్నారు.

పాటలు రాసి పాడేది టిజిందర్ సింగ్. పంజాబీ సిక్కు కుటుంబం. 1968లో వుల్వర్‌హాంప్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇనుము పోతపోసే కార్ఖానాల ప్రాంతం అది. మన ఉక్కు నగరం ఆడపడుచులకి అలాంటి ఊరి గాలీ పొగా ఎలా ఉంటాయో నేను చెప్పనక్కరలేదు. ఆ ఏడాదే, ఏప్రిల్ 20న, ఆ ఊరి నుంచి పార్లమెంటుకి ఎన్నికైన ఈనాక్ పవెల్ బర్మింగ్‌హామ్‌లో వలస వచ్చినవాళ్ళ మీద నిప్పులు కక్కుతూ ఉపన్యాసం ఇచ్చాడు. ఉయ్యాల్లో ఉన్న పిల్లాడికి ఏం తెలుస్తుంది? కానీ ఆ మాటల వేడిలోనే వాళ్ళ తరం పెరిగింది.

బృందం పుట్టింది 1991లో, లెస్టర్ నగరంలో. ఆ ఊరిదీ ఒక కథే. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి మనవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు, “మా ఊరికి రాకండి, ఇక్కడ చోటు లేదు” అనే అర్థం వచ్చేలా లెస్టర్ పురపాలక సంఘం ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. అయినా వేలమంది వచ్చారు, స్థిరపడ్డారు, కొట్లు పెట్టారు. టిజిందర్, అతని సోదరుడు అవతార్, స్నేహితులు బెన్ ఎయర్స్, డేవిడ్ చేంబర్స్ కలిసి పాటలు మొదలెట్టింది ఆ ఊళ్ళోనే.

వాళ్ళ సంగీతాన్ని ‘ఆల్టర్నేటివ్ రాక్’ అంటారు. పేరు చూసి కంగారు పడకండి. మనకి సినిమా పాట ఒక దారి, రేడియోలో వచ్చే లలిత గీతం ఇంకో దారి కదా? అక్కడా అంతే. పెద్ద రికార్డు కంపెనీలు కోరే నునుపూ మెరుపూ లేకుండా, చిన్న చిన్న కంపెనీల ద్వారా, తమకి తోచినట్టు పాడుకునే గిటారు బృందాలకి ఆ పేరు వచ్చింది. మొదట్లో కార్నర్‌షాప్ వాయించింది సంగీతమా, గోలా అంటే గోలే అనాలి. కోపం ఎక్కువ, శ్రుతి తక్కువ.

కోపానికి కారణాలు లేకపోలేదు. మోరిసీ అనే గాయకుడు ఆ దారిలో పాడేవాళ్ళకి ఆరాధ్యుడు. 1992లో అతను వేదిక మీద జెండా కప్పుకున్న తీరు వలసవాళ్ళంటే గిట్టనివాళ్ళకి ఊతం ఇస్తోందని పెద్ద గొడవ అయింది. ఆ నింద అతను ఒప్పుకోలేదనుకోండి. కార్నర్‌షాప్ కుర్రాళ్ళు మాత్రం లండన్‌లో ఈ.ఎం.ఐ. కంపెనీ ఆఫీసు ముందు అతని బొమ్మ తగలబెట్టారు. ఈ.ఎం.ఐ. అంటే, ఒకప్పుడు మన ఇళ్ళల్లో కుక్క బొమ్మ రికార్డులు ఉండేవే, వాటి మాతృసంస్థ. 1993లో తమ మొదటి చిన్న రికార్డుని కూర రంగులో అచ్చు వేయించారు. “మీ ఒంటి నుంచి కూర వాసన” అని బళ్ళో ఏడిపించినవాళ్ళకి అంతకంటే మంచి జవాబు ఉంటుందా?

1994లో మొదటి పెద్ద రికార్డు వచ్చింది. అది అమెరికాలో డేవిడ్ బర్న్ అనే పేరున్న సంగీతకారుడి చెవిన పడి, ఆయన తన కంపెనీలో చేర్చుకున్నాడు. అప్పటికి గోల తగ్గి, సితారూ తంబురా ఢోలకూ వచ్చి చేరాయి. 1997లో వచ్చిన మూడో రికార్డులో ఒక చిత్రమైన పని చేశారు. 1965లో బీటిల్స్ బృందం ‘నార్వీజియన్ వుడ్’ అనే పాటలో జార్జి హారిసన్ చేత సితారు వాయించింది. మన వాద్యాన్ని వాళ్ళు అరువు తీసుకున్నారు. ముప్ఫై రెండేళ్ళ తరవాత కార్నర్‌షాప్ ఆ పాటనే పంజాబీలో పాడింది. పుట్టింటి నుంచి పట్టుకెళ్ళిన గిన్నెని నిండా నింపి తిరిగి పంపినట్టు లేదూ?

ఇక ఆశా పాట. పేరు ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’, అంటే అంచుదాకా ఆశ. ఆశ అంటే ఆ గాయని పేరూ అవును, మన ఆశా అవును. ఈ చమత్కారం ఇంగ్లీషువాళ్ళకి ఎవరైనా విప్పి చెప్పాలి, మనకి అక్కరలేదు. తెర మీద పెదవి కదిపేది ఒకరు, తెర వెనక పాడేది వేరొకరు అనే సంగతే అక్కడివాళ్ళకి కొత్త. ఆ కనిపించని గొంతుకి కృతజ్ఞత చెప్పే పాట అది. పదహారేళ్ళకే పెళ్ళి చేసుకుని, ఆ కాపురం నిలవక, ముగ్గురు పిల్లల్ని పాటతోనే పెంచుకొచ్చిన మనిషి ఆశా. ఆమె గొంతు తెలుగులోనూ విన్నాం, 2007లో ‘చందమామ’ సినిమాలో. లత 1955లోనే ‘సంతానం’లో పాడారు. రఫీ 1969లో ‘భలే తమ్ముడు’లో రామారావుగారికి పాడారు.

ఆ పాటలో పదే పదే వచ్చే 45 అనే అంకె నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డుది. మనవాళ్ళు ఈపీ అనేవారే, అదీ ఆ వేగానిదే. రేడియోల పేర్లూ, మన ‘టూ ఇన్ వన్’ కూడా అందులో ఉన్నాయి. అంటే పరాయి దేశంలో ఒక పంజాబీ ఇంట్లో ఏమేం మోగేవో, ఆ సామాన్ల జాబితా అంతా పాటలో చేరిపోయింది. వినడానికి జాబితాలా ఉంటుంది గానీ, నాలుగుసార్లు వింటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

1997 ఆగస్టులో మొదట విడుదలైనప్పుడు పట్టికలో 60వ స్థానం దాటలేదు. తరవాత నార్మన్ కుక్ అనే ఆయన దాని వేగం పెంచి, దరువు వేసి మళ్ళీ తయారుచేశాడు. అదే 1998లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆదివారం యారాడ ఇసకలో గంతులేసే కాలేజీ పిల్లలకి ఆ వేగం పాట బాగానే ఉంటుంది. నాకు మటుకు నెమ్మది పాటే ఇష్టం. అందులో ఆశా పేరు నింపాదిగా వినిపిస్తుంది.

అంతటి పేరు వాళ్ళకి మళ్ళీ రాలేదు. దాని కోసం పరిగెత్తినట్టూ లేదు. కానీ దారి పడింది. 1999లో తబలా కళాకారుడు తల్విన్ సింగ్‌కి బ్రిటన్‌లో పేరున్న మెర్క్యురీ బహుమతి వచ్చింది. వలసవాళ్ళ పిల్లల పాటని పక్క వీధి సరుకుగా చూడటం తగ్గింది.

విదేశాల్లో పిల్లలున్న తల్లులు మీలో ఎంతోమంది ఉంటారు. మనవలకి తెలుగు రావడం లేదని బాధపడుతూంటారు. టిజిందర్ పాటలు చాలా భాగం ఇంగ్లీషే. అయినా అందులో పంజాబీ ఎక్కడినుంచి వచ్చింది? ఎవరూ కూర్చోబెట్టి నేర్పితే వచ్చిన పాటల్లా ఉండవవి. ఇంట్లో పని చేసుకుంటూ పెద్దవాళ్ళు పెట్టిన రికార్డులు పక్కగదిలో పిల్లల చెవిన పడ్డాయంతే, అని నాకనిపిస్తుంది.

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. 2011లో కార్నర్‌షాప్ ఒక రికార్డు మొత్తం పంజాబీలో చేసింది. పాడింది బబ్లీ కౌర్. ఆవిడ అంతకు ముందు పాట వృత్తిగా పెట్టుకున్న మనిషి కాదు. పంజాబీ జానపదాలు తనకి వచ్చినట్టు పాడుకునేది. ఆ గొంతుకి తగ్గట్టు వీళ్ళు గిటార్లూ డ్రమ్ములూ సర్దుకున్నారు. ఆ రికార్డు దొరికితే వినండి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఊళ్ళో పక్కింటి పిన్నిగారు దొడ్లో కూచుని పాడుకుంటున్నట్టే ఉంటుంది.