హార్డు డిస్కు చెడు సూచనలు – గృహస్థుని కర్తవ్యము



కృష్ణ కరకట్ట దిగువనున్న గ్రామములవారికి గండి యెట్లు పడునో చెప్పనక్కరలేదు. మొదట కట్ట యడుగున చెమ్మ తోచును. పిమ్మట సన్నని యూట కనబడును. ఆ యూటనీరు మట్టిని కలుపుకొని బురదగా వచ్చినచో అపాయము సమీపించెనని యెరిగి, ఊరంతయు ఇసుక బస్తాలతో పరుగెత్తును. ఊటను చూచియు ఉపేక్షించినవానికి గండి పడిన పిమ్మట చేయదగినది స్వల్పము. నేడు మన యిండ్లలో చేరిన కంప్యూటరునందలి హార్డు డిస్కు విషయమునను ఇదియే న్యాయము.

హార్డు డిస్కనగా కంప్యూటరునకు భోషాణము వంటిది. పొలము దస్తావేజుల నకళ్లు, బిడ్డల చదువుల పత్రములు, గతించిన తల్లిదండ్రుల ఛాయాచిత్రములు అందే యుండును. దాని లోపల అయస్కాంతపు పూతగల పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండును. వ్రాయుటకును చదువుటకును గల సూక్ష్మమైన తల, వెండ్రుక మందములో వేయవ వంతు కంటెను తక్కువ యెడమున, పళ్లెమును తాకకయే సంచరించును. 1956లో అమెరికాయందు ఐ.బి.యం. కంపెనీవారు వెలువరించిన తొలి డిస్కు యంత్రమున 50 పళ్లెములుండియు 50 లక్షల అక్షరములు మాత్రమే పట్టెడివి. నేడు అరచేత నిముడు డిస్కున లక్ష కోట్ల బైట్ల సమాచారము పట్టును. ఇంత సంపద ఇంత చిన్న తావున నుండుటచేత నష్టమును అంత పెద్దదియే యగును.

ఇక సూచనలను వినుడు. అలవాటు లేని టిక్కు టిక్కుమను ధ్వనియో, గరగరయో వినబడుట. ఒక పత్రమును తెరచుటకు మునుపటికంటె మిక్కిలి కాలము పట్టుట. యంత్రము నడుమ నడుమ స్తంభించుట. దాచిన పత్రములు కనబడకపోవుట, లేదా అక్షరములు చెదరి వచ్చుట. డిస్కు చెడనున్నదని యంత్రమే హెచ్చరించుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను ఊట పుట్టినట్లే తలపవలెను.

అప్పుడు చేయవలసిన దేమి? టిక్కుమను ధ్వనియో, గీకుడు శబ్దమో వినబడినచో తక్షణమే యంత్రము నాపవలెను. తల పళ్లెమును గీకుచున్నచో, నడచిన ప్రతి నిమిషమును కొంత సమాచారమును హరించును. ధ్వని లేక మందగమనము మాత్రమే యున్నచో, క్రొత్తగా నేమియు వ్రాయక, వెంటనే వేరొక డిస్కునకు ప్రతి తీయవలెను. మరల దొరకనిదానిని మొదట తీయుడు. రిజిస్టరైన దస్తావేజునకు నకలు కచేరీలో దొరకవచ్చును. పాటలు, సినిమాలు ఎక్కడనైనను దొరకును. తండ్రిగారి ఛాయాచిత్రము దొరకదు.

ఆ డిస్కునందే మరియొక భాగమున దాచిన ప్రతి ప్రతి కాదు. ఒకే గాదెకు రెండు అరలు పెట్టినంతమాత్రమున, గాదె కూలినపుడు రెండవ యర నిలువదు గదా! ప్రతి తీయక మునుపే డిస్కును బాగుచేయు సాధనములను నడపరాదు. ఆ శ్రమకు తాళలేక అది పూర్తిగా చెడవచ్చును. పెట్టె విప్పి చూడరాదు. ధూళికణ మొక్కటి చాలును పళ్లెమును పాడుచేయుటకు. అట్టి పని ధూళి లేని గదులుగల నిపుణులదే.

సూచన లేనంత మాత్రమున నిశ్చింతగా నుండవచ్చునా? ఉండరాదు. 2007లో గూగుల్ సంస్థ నిపుణులు లక్షకు పైగా డిస్కులను పరిశీలింపగా, చెడినవానిలో సగమునకు పైగా డిస్కులయందు యంత్రము గుర్తించు నాలుగు ముఖ్యసూచనలలో ఒక్కటియు కానరాలేదు. తిరుగు పళ్లెములు లేని యస్.యస్.డి. యను క్రొత్త రకమైతే ఏ ధ్వనియు లేకయే మూగవోవచ్చును.

కావున సూచనకు ముందే ప్రతి యుండవలెను. ఇది మనకు క్రొత్త కాదు. తాటియాకులు చివుకకముందే మన పూర్వులు మాతృకనుండి పుత్రికను వ్రాయించెడివారు. సి.పి. బ్రౌను దొర పండితులను నియమించి ప్రతులు వ్రాయించుటచేతనే పెక్కు తెలుగు గ్రంథములు నిలిచినవి.

ఒక ప్రతి పొరుగూర నుండుట మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగరము మున్నగు పేటలు జలమయ మయ్యెను. అట్టి వేళ ఒకే బీరువాలోని రెండు డిస్కులును కలిసియే మునుగును. మునిగిన డిస్కును ఎండబెట్టకుడు, విద్యుత్తు కలుపకుడు, నిపుణునకు చేర్చుడు.

పట్టణమునుండి పిల్లలు పండుగకు వచ్చినపుడు ఒక పూట వారిని కూర్చుండబెట్టి ప్రతులు తీయింపుడు. తీసిన ప్రతిని వేరొక యంత్రమున తెరచి, అక్షరములు చదువబడుచున్నవో లేదో మీ యెదుటనే చూపింపుడు. ఒక ప్రతిని ఇంట నుంచి, రెండవదానిని వారితో పంపుడు. అటుపిమ్మట డిస్కు చెడినను క్రొత్త డిస్కు వెల మాత్రమే నష్టమగును.