స్వెటర్ ప్యాటర్న్‌లో ఆ బ్రాకెట్ల నంబర్లేంటి? ఇలా చదివితే ఊలు వృథా కాదు!

ఫోన్‌లో వీడియో చూసి ఉత్సాహంగా సూదులు పట్టుకుంటారు. తీరా ప్యాటర్న్ తెరిస్తే "64 (70, 76, 82) కుట్లు ఎక్కించండి" అని ఉంటుంది. అందులో ఏ నంబర్ వేయాలి? ఊహించి వేస్తే వారాల కష్టం విప్పేయాల్సి రావచ్చు. మరి ఈ లెక్కేంటో చూద్దాం.

బ్రాకెట్ల సంగతి ఇదీ..

ఒకే ప్యాటర్న్‌లో నాలుగు సైజులు కలిపి రాస్తారు. సాధారణంగా బ్రాకెట్ బయట ఉండేది చిన్న సైజు, లోపలివి వరుసగా పెద్దవి. మీకు కావాల్సింది రెండో సైజైతే చివరిదాకా ప్రతిచోటా రెండో నంబరే మీది. ఒక్క నంబరే ఉంటే అన్ని సైజులకూ అదే. సున్నా గానీ అడ్డగీత గానీ ఉంటే మీ సైజుకు ఆ పని లేదని అర్థం.

సైజు ఎలా ఎంచుకోవాలి?

ప్యాటర్న్‌లో రెండు కొలతలు ఉండొచ్చు. ఒకటి ఒంటి ఛాతీ కొలత, రెండోది అల్లిన తర్వాత స్వెటర్ చుట్టుకొలత. ఉదాహరణకు పాప ఛాతీ 64 సెం.మీ. అనుకుందాం. వదులు కోసం స్వెటర్ 70 సెం.మీ. ఉండాలి. 10 సెం.మీ.కు 20 కుట్లు పడితే, ముందు భాగం 70 కుట్లకు 35 సెం.మీ., వెనక భాగం మరో 35. లెక్క సరిపోయింది.

కానీ మీ చేయి బిగువై 10 సెం.మీ.కు 22 కుట్లు పడితే? అవే 70 కుట్లకు మొత్తం చుట్టుకొలత 64 సెం.మీ. కూడా రాదు. పాపకు స్వెటర్ పట్టదు! అందుకే ముందు చిన్న చదరం అల్లి కొలవాలి. మన వీరపునాయునిపల్లె, ప్రొద్దుటూరు వైపు చలికి ఊలెందుకని కాటన్ దారం వాడాలనుకుంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. దారం మారితే కుట్టు సైజు కూడా మారుతుంది.

సూది నంబర్‌తోనూ జాగ్రత్త. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబర్ అంటే 4 మి.మీ., అమెరికా లెక్కలో 5 మి.మీ. అందుకే మిల్లీమీటర్లే చూడండి.

తికమక పెట్టే రెండు మాటలు

"ప్రతి 4వ వరుసలో రెండు వైపులా ఒక్కో కుట్టు తగ్గించండి, 5 (6, 6, 7) సార్లు" అంటే రెండో సైజుకు 24 వరుసల్లో 12 కుట్లు తగ్గుతాయి. 70లో మిగిలేవి 58. ప్యాటర్న్‌లో చెప్పిన మిగులు కుట్లతో సరిచూసుకోండి.

"అదే సమయంలో" అని ఉంటే ఒకటి పూర్తిచేశాక రెండోది కాదు. చంక, మెడ తగ్గింపులు రెండూ పక్కపక్కనే సాగాలి. అందుకే ఆ పేరా మొత్తం చదివాకే సూది కదపాలి.

క్రోషియా వాళ్లకూ ఈ తిప్పలు తప్పవు. 2024లో జీఐ గుర్తింపు పొందిన నరసాపురం లేసు అల్లేదీ క్రోషియాతోనే. బ్రిటిష్ ప్యాటర్న్‌లో "డబుల్ క్రోషె" అన్నదే అమెరికా ప్యాటర్న్‌లో "సింగిల్ క్రోషె". కాబట్టి అది ఏ దేశం ప్యాటర్నో ముందే చూడాలి.

చిన్న చిట్కా: మొదలుపెట్టే ముందే ప్యాటర్న్ ప్రింట్ తీసి, మీ సైజు నంబర్లన్నిటికీ పెన్నుతో సున్నా చుట్టేయండి. మధ్యలో లెక్క తప్పే భయం చాలావరకు తగ్గుతుంది.