తెర వణికితే తప్పు తెరదేనా?

కంప్యూటర్ తెర మీద గీతలు పాకినా, బొమ్మ వణికినా, ఉన్నట్టుండి అంతా నల్లబడినా మానిటర్ పాడైందనే ఎవరికైనా మొదట తోస్తుంది. అత్త మీది కోపం దుత్త మీద తీర్చినట్లు దాని అంచును చరిచి చూసేవారున్నారు. మరో ఆలోచన లేకుండా కొత్తది కొనేవారూ ఉన్నారు. తీరా చూస్తే అదే జబ్బు కొత్త తెర మీదా ప్రత్యక్షమవుతుంది. ఇటువంటి లోపాలలో అనేకం మానిటర్‌లో గాక, దాని పరిసరాలలోనో, బొమ్మను మోసుకువచ్చే తీగలోనో పుడతాయి.

1990లలో ఇంటింటా ఉన్న బరువైన గాజు మానిటర్లలో ఎలక్ట్రాన్ల పుంజం బొమ్మను గీసేది. ఆ పుంజాన్ని అటూ ఇటూ మళ్ళించేది అయస్కాంత క్షేత్రమే గనుక, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం కూడా దానిని దారి తప్పించగలిగేది. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులది. భారతదేశంలో 50 ఆవృత్తులది. సెకనుకు 60 మార్లు బొమ్మ గీసే మానిటర్ అమెరికాలో ఉన్నప్పుడు ప్రతి బొమ్మా దాదాపు ఒకే రీతిగా వంగేది గనుక ఆ వంపు కంటికి అంతగా ఆనేది కాదు. అదే మానిటర్‌ను హైదరాబాదులో అటువంటి క్షేత్రం పక్కనే ఉంచితే, రెండు సంఖ్యల తేడా 10 గనుక బొమ్మ సెకనుకు 10 మార్లు వణికేది. తెర మారలేదు, పొరుగు మారింది.

నేటి పలుచని తెరలలో ఆ పుంజం లేదు. అయినా తీగ మిగిలే ఉంది. 1987లో వచ్చిన వీజీఏ పద్ధతిలో తీగలోని వోల్టేజీయే వెలుగు కొలత. కంప్యూటర్‌నూ మానిటర్‌నూ వేర్వేరు సాకెట్లకు కలిపినప్పుడు రెండు చోట్ల ఎర్త్ వోల్టేజీ కొద్దిగా తేడాగా ఉండవచ్చు. ఆ తేడా వలన తీగ కవచం గుండా ప్రవాహం సాగి, తెర మీద అడ్డపట్టీలు మెల్లగా పాకుతాయి. రెంటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కు కలిపితే తరచు ఈ బాధ తీరుతుంది.

హెచ్‌డీఎంఐ వంటి డిజిటల్ తీగలు చిన్న అలజడిని లెక్కచేయవు. అలజడి హద్దు మీరితే మాత్రం చుక్కలు మెరుస్తాయి, లేదా తెర క్షణకాలం నల్లబడుతుంది. 4కె బొమ్మను సెకనుకు 60 మార్లు పంపడానికి తీగ ఆ సెకనులో దాదాపు 1800 కోట్ల బిట్లను మోయాలి. నాసిరకం తీగకు అది శక్తికి మించిన పని. గ్యాసు కడ్డీ గల కుర్చీలోనుంచి మనిషి లేచినప్పుడు వెలువడే స్థిరవిద్యుత్ తరంగాన్ని తీగ గ్రహించగా తెర ఆరిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

దోషం ఎక్కడున్నదో తేల్చడానికి మూడు పరీక్షలు చాలు. మొదటిది, మానిటర్ మీది మీటను నొక్కి దాని సొంత మెనూను రప్పించడం. చుట్టూ గీతలున్నా మెనూ నిర్మలంగా కనిపిస్తే మానిటర్ బహుశా నిర్దోషి. రెండవది, స్క్రీన్‌షాట్ తీసి మరొక తెర మీద చూడడం. గీతలు అందులోనూ ఉంటే దోషం కంప్యూటర్‌ది. మూడవది, సెట్టింగులలో 60కి బదులు 30ని ఎంచడం. అప్పుడు జబ్బు మాయమైతే ముందుగా తీగనే శంకించాలి. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక ఉపాయాన్ని మాత్రం ఎన్నడూ అనుసరించరాదు. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్నును విరిచివేస్తే పాకే పట్టీలు పోవచ్చు. కానీ ఆ పిన్ను ఉన్నది బొమ్మ కోసం కాదు. లోపల తీగ తెగి లోహపు పెట్టెకు తగిలిననాడు ఆ విద్యుత్తును ఎర్త్ తీగ గుండా మళ్ళించి, ఫ్యూజు తెగిపోయేలా చేసేది అదే. అది లేని పెట్టెను తాకిన చేతి గుండానే ఆ విద్యుత్తు భూమికి చేరుతుంది. తెర మీది గీత కంటికి చికాకు మాత్రమే. తెగిన ఎర్త్ ప్రాణాంతకం.