ఖబరస్తాన్‌లో గడ్డి కోతకు తగిన కాలమేది?

ఖబరస్తాన్‌లో గడ్డి మోకాలెత్తు పెరిగింది, ఇప్పుడు కోయించవచ్చునా, లేక ఆగవలెనా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మస్జిద్ కమిటీల పెద్దలు జూలై నుండి జనవరి దాకా మమ్ములను ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. చూచుటకు ఇది పారిశుద్ధ్యానికి సంబంధించిన చిన్న విషయమే. అయితే ఇందులో ఫిఖ్హ్ ఉన్నది, వ్యవసాయం ఉన్నది, పాముకాటు భయం ఉన్నది, తల్లిదండ్రుల ఖబరును వెదుక్కుంటూ వచ్చే బిడ్డల మనసు ఉన్నది. కనుక కొంత విపులంగా వ్రాయదలచాము.

ముందుగా గడ్డి ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నది తెలియాలి. గడ్డి కోత కాలం అన్ని దేశాలలో ఒకే విధంగా ముగియదు. మా వద్ద చదివి వెళ్ళిన పిల్లలలో కొందరు నేడు అమెరికాలో, మరికొందరు కువైట్‌లో ఉన్నారు. షికాగో వైపు ఉన్నవారు అక్టోబరు చివర లేదా నవంబరు మొదట్లో ఆ యేటి ఆఖరి కోత కోసి యంత్రాన్ని షెడ్డులో పెట్టేస్తారు. అక్కడి పచ్చిక చలిదేశపు జాతి. నేల వేడిమి సుమారు 5 డిగ్రీలకు దిగినప్పుడు దాని ఎదుగుదల నిలిచిపోతుంది. డల్లాస్ వైపు ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించేది వేరే జాతి. దానిని వారు బెర్ముడా గ్రాస్ అంటారు. పేరు విని కొత్తదేమో అనుకోనక్కరలేదు, అది మన పొలం గెనాల మీద పాకే గరికయే! వేడిని కోరే ఆ గడ్డి నేల వేడిమి 10 డిగ్రీలకు చేరేసరికి నిద్రపోతుంది, తొలి మంచు పడగానే గోధుమవన్నెకు తిరుగుతుంది. మెల్‌బోర్న్‌లో ఋతువులు తారుమారు గనుక జూన్, జూలై, ఆగస్టు మాసాలే అక్కడ కోతకు విరామం. కువైట్‌లోనైతే మరీ విచిత్రం. ఇతరులు కోత ముగించే అక్టోబరు, నవంబరు మాసాలలోనే అక్కడి తోటమాలులు చలికాలపు గడ్డి విత్తనం చల్లి కొత్త పచ్చిక లేపుతారు.

మరి మన సంగతి? మదనపల్లె సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు రాత్రులు చల్లగా ఉంటాయి, హార్స్‌లీ కొండ మీద ఇంకా చల్లన. అయినప్పటికీ గరికను నిద్రపుచ్చేటంత చలి ఈ సీమలో లేదు. ఇక్కడ గడ్డిని ఆపేది చలి కాదు, దాహం. నైరుతి వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరు దాకా అడపాదడపా పడతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య వానలు. ఈ రెండింటి నడుమ, అంటే సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో, కసువు విజృంభిస్తుంది. (మా వైపు కసువు అంటే గడ్డియే. కోస్తా జిల్లాల పాఠకులు చెత్త అని భావించవద్దు.) డిసెంబరు గడిచేసరికి వానలు వెనుదిరుగుతాయి, గరుసు నేలలో తేమ త్వరగా ఇంకిపోతుంది. సంక్రాంతి నాటికి గడ్డి కంకి వేసి, గింజ రాల్చి, కాడ గట్టిపడి ఎండసాగుతుంది. మేము చూచినంతలో పుంగనూరు మెట్టలలో ఇది ముందుగా జరుగుతుంది, తమిళనాడు సరిహద్దున ఉన్న కుప్పంలో ఒకటి రెండు వారాలు ఆలస్యమవుతుంది. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాలను ముంచెత్తిన వానల వంటివి వచ్చిన యేట ఈ లెక్క ఇంకా వెనక్కు జరుగుతుంది. కనుక క్యాలెండరులో ఒక తేదీకి గుర్తు పెట్టుకొని కూర్చుంటే ప్రయోజనం లేదు. కాడను వ్రేళ్ళతో విరిచి చూడాలి. టక్కున విరిగితే ఎండినట్లు, వంగి సాగితే పచ్చి ఉన్నట్లు.

ఇంత వివరం ఎందుకంటే, మన ఫుఖహాలు పచ్చి గడ్డికి, ఎండు గడ్డికి వేర్వేరు ఆదేశాలు చెప్పారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు రెండు ఖబరుల ప్రక్కగా వెళుతూ, వాటిలోని వారికి శిక్ష జరుగుతున్నదని తెలిపి, పచ్చి ఖర్జూరపు మట్టను రెండుగా చీల్చి చెరొక ఖబరుపై నాటిన సంఘటనను హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించగా ఇమామ్ బుఖారీ (రహ్మ) నమోదు చేశారు. అవి ఎండనంత కాలం శిక్ష తేలికపడగలదన్న ఆశను ప్రవక్త (స) వ్యక్తం చేశారు. హజ్రత్ బురైదా (రజి) తమ ఖబరుపై ఖర్జూరపు మట్టలు ఉంచమని వసీయత్ చేసిన సంగతి కూడా బుఖారీలోనే ఉన్నది. ఆ మట్టల ప్రత్యేకత ప్రవక్త (స) వారి శుభహస్తానికే పరిమితమని అన్న విద్వాంసులు లేకపోలేదు. అయితే హనఫీ ఫుఖహాలలో పలువురు, పచ్చని మొక్క తన పచ్చదనం ఉన్నంత వరకు అల్లాహ్‌ను స్తుతిస్తూ ఉంటుందన్న దృష్టితో, ఖబరస్తాన్‌లోని పచ్చి గడ్డిని కోయడం మక్రూహ్ అనీ, ఎండినదానిని కోయడంలో దోషం లేదనీ నిర్ణయించారు. డమాస్కస్‌కు చెందిన అల్లామా ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) తమ ప్రసిద్ధ గ్రంథం రద్దుల్ ముహ్తార్‌లో దీనిని చర్చించారు.

ఇక్కడొక సందేహం వస్తుంది. గరిక పైకి ఎండినా భూమిలో దాని వేరు చావదు, మే నెలలో ఒక్క వాన పడితే తిరిగి లేస్తుంది. మరి దానిని ఎండినదనవచ్చునా? మా అభిప్రాయంలో అనవచ్చు. ఫుఖహాల మాట పైన కనిపించే పచ్చదనం గురించి. పైగా మనం కోస్తున్నది ఆకును మాత్రమే, వేరును పెకలించడం లేదు. అందుచేతనే పారతో చెక్కించడం కంటె కొడవలితో కోయించడం మేలంటాము. చెక్కితే ఖబరు మీది మట్టి కదులుతుంది, వానకు కొట్టుకుపోతుంది, రెండేళ్ళలో దిబ్బ నేలమట్టమవుతుంది. గరిక వేళ్ళు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. జనాజా ఏ నెలలో వస్తుందో ఎవరికి తెలుసు? అక్టోబరు రాత్రి ఇషా నమాజు తరువాత జనాజా తీసుకొని వెళ్ళవలసి వస్తే, తడి గడ్డిలో కాలు ఎక్కడ పడుతున్నదో కనబడదు. ఈ సీమలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. ఖబరు త్రవ్వేవారు చాలావరకు చెప్పులు లేకుండానే పని చేస్తారు. ప్రాణాపాయం ఉన్నచోట మక్రూహ్ అన్న మాటను పట్టుకొని కూర్చోవడం ధర్మమూ కాదు, వివేకమూ కాదు. అందువలన మేము కమిటీలకు చెప్పేది ఇది: గేటు నుండి లోపలకు పోయే దారి, జనాజా దింపే చోటు, కొత్త ఖబరులకు కేటాయించిన భాగం వానకాలమంతా కోయించండి. ఇవి ఖబరులు కావు. ఖబరుల మీదనున్న పచ్చికను మాత్రం ఎండేదాకా వదలండి. త్రవ్వేవారికి మోకాలి దాకా వచ్చే గంబూట్లు, మంచి టార్చిలైటు కమిటీయే కొనివ్వాలి. ఈ ఖర్చుకు వెనుకాడే కమిటీ గోడకు రంగులు వేయించడం మాకు ఏనాడూ అర్థం కాలేదు.

వయ్యారిభామ సంగతి వేరు. అది గడ్డి కాదు, పసువులు తినవు, ముట్టుకుంటే కొందరికి ఒంటి నిండా దద్దురులు లేస్తాయి, ఒక్కొక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. హాని చేసే దానిని తొలగించడానికి ఎండేదాకా ఆగనవసరం లేదు. తెల్ల పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే, చేతికి తొడుగులు వేసుకొని వేళ్ళతో సహా లాగివేయాలి. ముళ్ళకంపకూ, బట్టలకు అంటుకొనే ఉత్తరేణికీ, పల్లేరుకూ ఇదే మాట.

కలుపు మందు కొట్టిస్తే పని త్వరగా అయిపోతుంది కదా అనేవారున్నారు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి అటుంచినా, మందు పడ్డ కసువు పసువుకు పనికిరాదు, వేరు చచ్చిన దిబ్బ మీద మట్టి నిలువదు. నిప్పు పెట్టడం ఇంకా అనుచితం. ఖబరుల వద్దకు నిప్పు తేవడాన్ని మన పెద్దలు మొదటి నుండి అసహ్యించుకున్నారు. ఫిబ్రవరి, మార్చి మాసాలలో ఎండిన బీడుకు ఒక్క బీడీ ముక్క చాలు. పక్కనున్న మామిడి తోట, వామి, పాక అన్నీ అంటుకుంటాయి. ఎండిన గడ్డిని జనవరిలోనే కోసి బయటకు తీయించడానికి ఇదే బలమైన కారణం.

అన్నిటికంటె బాధ కలిగించినది మరొకటి. ఒకానొక ఊరిలో గడ్డి, కంప పెరిగిపోయాయని జే.సి.బి. రప్పించి ఒక్క పూటలో ఖబరస్తాన్‌ను చదును చేయించారు. కమిటీవారి ఉద్దేశం మంచిదే. కానీ మరుసటి శుక్రవారం తన కొడుకు ఖబరు వద్ద దుఆ చేయడానికి మనుమడిని పంపిన ఒక వృద్ధురాలికి, చోటు గుర్తు దొరకలేదని ఆ పిల్లవాడు వచ్చి చెప్పవలసి వచ్చింది. ఆమె ఎవరినీ నిందించలేదు. ఆ పిల్లవాడు మాత్రం తన తండ్రి ఎక్కడున్నాడని నేటికీ అడుగుతున్నాడు. యంత్రం కావాలనుకుంటే బ్రష్ కట్టర్ చాలు. దానికి కూడా ఇనుప బ్లేడు కాక నైలాను దారం బిగించాలి. బ్లేడు తగిలితే తలాపు రాయి పగులుతుంది, రాతి ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. నడిపేవారికి కళ్ళద్దాలు తప్పనిసరి. ఖబరు చుట్టూ జానెడు మేర కొడవలికే వదలాలి.

గడ్డి కోసే యంత్రం పుట్టుక కూడా పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. 1830లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ ప్రాంతపు ఎడ్విన్ బడ్డింగ్ అనే పనివాడు, మిల్లులో ఉన్నిబట్ట మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూచి దానిని రూపొందించాడు. రెండు శతాబ్దాలు కావస్తున్న తరుణంలో ఆ దేశంలోనే ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019 నుండి, మే నెలలో పచ్చిక కోయవద్దని, పూలను తేనెటీగలకు విడిచిపెట్టమని ప్రజలను కోరుతూ వస్తున్నది. పచ్చిగా ఉన్నదానిని కొంతకాలం ఉండనివ్వమని మన ఫుఖహాలు వేరొక కారణంతో చెప్పిన సంగతిని చదువుకున్న మాకు ఆ వార్త వింతగా తోచలేదు.

ఇక తేదీల విషయం. మన ఊళ్ళలో చాలా కమిటీలు షబె బరాత్‌కు ముందు ఖబరస్తాన్‌ను శుభ్రం చేయించే వాడుకను పాటిస్తున్నాయి. 2026లో షబె బరాత్ ఫిబ్రవరి మొదటి వారంలో పడింది. అప్పటికి గడ్డి ఎండి ఉంటుంది, కనుక ఏ చిక్కూ లేదు. కానీ హిజ్రీ సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2030 నాటికి షబె బరాత్ డిసెంబరులోకి, ఆ పైన నవంబరులోకి వస్తుంది. అప్పుడు ఈశాన్య వానల నడుమ పచ్చగా నిగనిగలాడే గడ్డిని కోయవలసి వస్తుంది. కనుక ఇప్పటి నుండే శుభ్రతను షబె బరాత్‌కు ముడిపెట్టడం మాని, జనవరి రెండవ సగానికి ముడిపెట్టుకొమ్మని మా సలహా. సూర్యుని లెక్కతో ఎండే గడ్డిని చంద్రుని లెక్కతో కోయలేము.

ఈద్‌గాహ్‌కు ఈ పట్టింపు లేదు. అది నమాజు స్థలం, ఎప్పుడైనా కోయవచ్చు. అక్కడ సమస్య సజ్దా చోటు తడిగా, బురదగా ఉండడం. 2004 నుండి 2006 వరకు రంజాన్ పండుగ అక్టోబరు, నవంబరు మాసాలలో వచ్చింది. ఏపుగా పెరిగిన గడ్డి మీద చాపలు పరిస్తే క్రింది నుండి నీరు ఊరేది. నేడు అదే పండుగ మార్చిలో, ఎండు నేల మీద. తిరిగి 2037 ప్రాంతంలో నవంబరుకు చేరుతుంది. అప్పటి కమిటీలు పండుగకు ఒక రోజు ముందు కాక, వారం పది రోజుల ముందు కోయించుకోవాలి. కోసిన మోళ్ళు మెత్తబడి, నేల ఆరడానికి ఆ మాత్రం గడువు కావాలి. ఒకేసారి నేలకంటా కోస్తే బురద తేలుతుంది. ఎత్తులో మూడవ వంతుకు మించి ఒక్కమారు తీయకుండా రెండు దఫాలుగా కోయడం మంచిది.

కోసిన కసువు ఎవరిది అన్న ప్రశ్న మిగిలింది. వక్ఫ్ భూమిలోని గడ్డిని కోసి పసువుల వద్దకు పంపవచ్చుననీ, పసువులను మాత్రం ఖబరస్తాన్‌లోకి తోలరాదనీ ఫతావా ఆలంగీరీలో ఉన్నది. మూడు వందల ఏళ్ళకు పూర్వం కూర్చిన ఆ గ్రంథంలోని మాట నేడు పుంగనూరు వీధులకు సరిగ్గా సరిపోతుంది. గేటు తెరిచి ఉంటే మేకలు, ఆవులు ఖబరులు త్రొక్కుతూ తిరుగుతాయి. పుంగనూరు పొట్టి ఆవు ఎంత తేలికైనదైనా, వంద కిలోలకు పైబడిన బరువే కదా. గేటు మూసి ఉంచి, కోసిన మోపులను బయట ఇవ్వాలి. ఊరిలో ఒకటి రెండు పసువులు మేపుకొని బ్రతికే వితంతువులు ఉంటే వారికి ముందుగా ఇవ్వవచ్చు. అమ్మితే ఆ సొమ్ము ఖబరస్తాన్ ఖాతాలోనే జమ కావాలి. జనవరిలో వరిగడ్డి, చెనిక్కాయ కట్టె దొరుకుతాయి గనుక మన ఎండు కసువును ఎవరూ పెద్దగా అడగరు. దానిని వాన తగలని చోట వామి వేసి ఉంచితే ఏప్రిల్‌లో అడిగి తీసుకుపోతారు.