దోటి చివర రంపం

మీ ఇంట్లో దోటి ఉందా? గోదావరి జిల్లాల్లో మామిడిచెట్టున్న పెరళ్ళలో దోటి లేనిది అరుదు. పొడుగాటి వెదురు గెడ, దాని చివర ఒక వంకర కత్తి, లేకపోతే ఒక కొక్కెం, దానికింద చిక్కం. తొడిమకు తగిలించి ఒక్క లాగు లాగితే కాయ వచ్చి చిక్కంలో పడుతుంది. ఆ కత్తి తీసేసి, జానెడో మూరెడో పొడుగున్న వంపు రంపాన్ని గెడ చివర గట్టిగా బిగించామనుకోండి, దోటి రంపం తయారైనట్టే. నేల మీద నిలబడే పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున్న కొమ్మను కోయవచ్చు.

నేల మీద నిలబడటంలో అంత గొప్ప ఏముంది అంటారా? కాళిదాసు కథ మీరు వినే ఉంటారు. ఆయన మహాకవి కాకముందు, తాను కూర్చున్న కొమ్మనే నరుక్కుంటూ ఉండేవాడట. కథ విని మనమంతా నవ్వుకుంటాం. కాని చెట్టెక్కి కొమ్మలు కొట్టేవాళ్ళు కాళిదాసు చేసిన పనికి ఒక్క అడుగు దూరంలోనే ఉంటారు. కూర్చున్న కొమ్మ పుచ్చినదయితే, కోసిన కొమ్మ ఊగి వచ్చి తగిలితే, లేక చేతికి ఎర్రచీమలు పట్టితే అంతే సంగతులు. మునగచెట్టు సంగతి సరేసరి. దాని కొమ్మలు పెళుసు. ఎవరినైనా పొగిడి మోసగిస్తే “మునగచెట్టు ఎక్కించాడు” అంటామే, ఆ మాట పుట్టింది అందుకే.

సరే, రంపాన్ని చేతిలోకి తీసుకోకముందు దాని పళ్ళను చూడండి. చూడటమే సుమా, తాకవద్దు. బజారులో దొరికే మామూలు చేతిరంపం పళ్ళు ముందుకు వాలి ఉంటాయి. అది తోసినప్పుడు కోస్తుంది. దోటి రంపం పళ్ళు వెనక్కి, అంటే మనవైపు వాలి ఉంటాయి. ఇది లాగినప్పుడు కోస్తుంది. ఎందుచేత?

ఇంట్లో ఒక చీపురుపుల్ల తీసుకోండి. దాని ఒక కొసను గోడకు ఆనించి రెండో కొసను వేలితో తోయండి. పుల్ల విల్లులా వంగిపోతుంది. ఇప్పుడు రెండు కొసలనూ చేతులతో పట్టుకుని లాగండి. పుల్ల తిన్నగా నిలుస్తుంది, ఎంత లాగినా వంగదు. పదిహేను అడుగుల వెదురు గెడ కూడా పెద్ద చీపురుపుల్లే. తోస్తే వంగుతుంది, రంపం కోత తప్పుతుంది, పలచని అలుగు మెలి తిరుగుతుంది. లాగితే గెడా, అలుగూ రెండూ బిగువుగా తిన్నగా ఉంటాయి. పైగా కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు కూడా సాయపడుతుంది. రంపం లోపలివైపుకు వంగి ఉండటానికి కూడా కారణముంది. లాగుతున్నకొద్దీ ఆ వంపు వల్ల పళ్ళు తమంతట తామే కొమ్మలోకి దిగబడతాయి. జపాను వడ్రంగులు బల్ల మీద పనికి కూడా లాగే రంపాలనే వాడతారు. అందుకే వాళ్ళ రంపపు అలుగులు అంత పలచగా ఉండగలిగాయి.

గెడకు వెదురునే ఎందుకు ఎంచుకున్నారో కూడా ఆలోచించండి. వెదురు లోపల బోలు. ఎంత కర్ర ఉందో అదంతా అంచునే ఉంది. వంగకుండా ఆపేది అంచునున్న కర్రే. నడుమనున్న కర్ర బరువుకు తప్ప పెద్దగా పనికిరాదు. సైకిలు చట్రాన్ని గొట్టాలతో చేయడానికీ కారణం ఇదే. కాని వెదురుకూ హద్దుంది. గెడ పొడుగు రెట్టింపు చేస్తే, చివరనున్న అదే రంపం బరువుకు అది రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు వంగుతుంది. గెడకు గెడ జోడించి ముప్పై అడుగులు చేద్దామనుకునేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి. అంత ఎత్తు కొమ్మలకు అలవాటున్న పనివాళ్ళు వేరే ఉన్నారు.

ఇక కోయడం. ముందే చెబుతున్నాను, ఈ పని పెద్దలది. గెడ పట్టుకోవడానికి మీకు ఇంకా వయసు రాలేదు. కాని మీకూ పనుంది. ఒకరు దారిలో కాపలా ఉండి ఎవరినీ చెట్టు కిందికి రానివ్వకూడదు. ఇంకొకరు దూరాన నిలబడి చెట్టును కింది నుంచి పై దాకా చూడాలి. కాకిగూట్లో పిల్లలున్నాయా? తేనెపట్టు ఉందా? ఆకులు కలిపి కుట్టినట్టున్న ఎర్రచీమల గూళ్ళున్నాయా? గూట్లో పిల్లలుంటే కొమ్మ కోత కొన్నాళ్ళు ఆగినా మునిగిపోయేదేమీ లేదు.

అన్నిటికన్నా ముందు చూడవలసింది కరెంటు తీగలు. ఈ విషయంలో పెద్దలు కూడా తొందరపడుతూ ఉంటారు, మీరు గుర్తుచేయండి. మన ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. వీధుల్లో ట్రాన్స్‌ఫార్మరు దాకా వచ్చే తీగల్లో 11,000 వోల్టులు ఉంటాయి. “వెదురు కర్రే కదా, కరెంటు పారదులే” అంటారు కొందరు. పచ్చివెదురు, మంచుకో వానకో తడిసిన వెదురు కరెంటును పారనిస్తాయి. కోసిన పచ్చికొమ్మ తీగ మీద పడినా అంతే. ఇప్పుడు బజారులో దొరికే అల్యూమినియం గెడల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆయిల్‌పామ్ తోటల్లో ఎత్తయిన చెట్ల గెలలను గెడ చివర కొడవలితో కోస్తారు. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆ పంటకు జాతీయ పరిశోధన సంస్థ కూడా ఉంది. అలాంటి తోటల్లో లోహపు గెడ పై తీగలకు తగిలి కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఉన్నాయి. అందుచేత తీగకు పది అడుగుల లోపల కొమ్మ ఉంటే దాని జోలికి పోవద్దు. 1912 నంబరుకు ఫోను చేస్తే విద్యుత్తు శాఖవారు కరెంటు ఆపి తామే కోయిస్తారు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే కానివ్వండి.

కొమ్మ కింద ఎందుకు నిలబడకూడదో కూడా లెక్క వేద్దాం. నాలుగంగుళాల లావు, పదడుగుల పొడుగున్న పచ్చికొమ్మ, ఆకులూ రెమ్మలూ కాకుండానే, దాదాపు 20 కిలోలు తూగుతుంది. పదహారు అడుగుల ఎత్తు నుంచి పడే వస్తువు నేలకు చేరడానికి పట్టేది ఒక్క సెకను. నేల తాకేటప్పటికి దాని వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటుతుంది. “అమ్మో” అని తల ఎత్తేలోపల అయిపోతుంది. అందుకని గెడను ఏటవాలుగా పట్టుకుని, కొమ్మకు ఒక పక్కగా, వెనక్కి తప్పుకోవడానికి చోటుంచుకుని నిలబడాలి. తలకు గట్టి టోపీ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. పొట్టు కళ్ళలో పడేది తల పైకెత్తి చూస్తున్నప్పుడే కదా. మామిడి అయితే సొన ఒంటికి తగిలి పొక్కకుండా నిండు చేతుల చొక్కా కూడా వేసుకోవాలి.

పెద్ద కొమ్మను ఒక్క దెబ్బలో మొదటికంటా కోయాలని చూడకూడదు. కోత సగంలో ఉండగానే కొమ్మ బరువుకు విరిగి, మాను మీది బెరడును బారెడు మేర చీల్చుకుని పడుతుంది. తోటమాలులు ఏం చేస్తారో చూడండి. చివర నుంచి ముక్కలు ముక్కలుగా కోసుకుంటూ వచ్చి బరువు తగ్గిస్తారు. మొదట్లో మూరెడు మిగిలాక, ముందు కిందివైపున కొద్దిగా గాటు పెడతారు. తరవాత ఆ గాటుకు కాస్త అవతల పై నుంచి కోస్తారు. చీలిక వచ్చినా గాటు దగ్గర ఆగిపోతుంది. మిగిలిన మోడును చివరగా తీసేస్తారు.

ఆ చివరి కోత ఎక్కడ వేయాలన్నదే అసలు విద్య. కొమ్మ మానులో కలిసేచోట ముడతలు పడి ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది. చొక్కా కాలరులా ఉంటుంది కనక దాన్ని కాలరు అనే అంటారు. కోత ఆ కాలరుకు సరిగ్గా బయట పడాలి. కాలరును కోసేయకూడదు, బయట మోడునూ మిగల్చకూడదు. అలెక్స్ షైగో అని అమెరికా అటవీ శాఖలో ఒక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన ఎన్నో చెట్లను నిలువునా కోసి లోపల ఏముందో చూశాడు. మనకు గాయమైతే కొత్త చర్మం వచ్చి గాయం మానుతుంది. చెట్టుకు అలా మానదు అని ఆయన చూపించాడు. చెట్టు తన గాయం చుట్టూ గోడలు కట్టుకుంటుంది. కుళ్ళు ఆ గోడ దాటి లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. తరవాత బయట నుంచి కొత్త కర్ర పెరిగి గాయాన్ని కప్పేస్తుంది. దెబ్బ మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది. కొమ్మ వైపు ఆ గోడ కట్టే సరంజామా అంతా ఉండేది కాలరులోనే. దాన్ని కోసేస్తే కాపలావాణ్ణి పంపేసి తలుపు తీసిపెట్టినట్టే.

నేను పనిచేసిన ఒక బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉండేది. పిల్లలు మధ్యాహ్నం భోజనాలు చేసేచోటికి సరిగ్గా పైన ఒక కొమ్మ ఎండిపోయింది. తోటమాలి దోటి రంపంతో దాన్ని ముక్కలుగా దింపాడు. ఆ ముక్కల్లో ఒకటి లోపలంతా డొల్ల, వేలు పెడితే పొడి రాలింది. డొల్ల ఎక్కడ మొదలైందా అని వెతికితే, ఎప్పుడో ఎవరో చిన్న రెమ్మ నరికి జానెడు మోడు వదిలేసిన గుర్తు కనిపించింది. చచ్చిన మోడును కాలరు కప్పలేదు. నీళ్ళూ బూజూ ఆ దారినే లోపలికి దిగాయి. ఆ ముక్కను సైన్సు గదిలో పెట్టించాను. బొమ్మల కంటే అది బాగా పాఠం చెప్పింది.

కోసినచోట తారు పూయడం చాలామందికి అలవాటు. దానివల్ల లాభం లేదని ఇప్పటి శాస్త్రజ్ఞులు అంటున్నారు. పండ్లతోటల్లో మాత్రం బూజు తెగుళ్ళు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయమని వ్యవసాయ అధికారులు చెబుతారు. కొత్తపల్లి కొబ్బరైనా, సువర్ణరేఖ అయినా, మామిడికి కాపు దిగిన వెంటనే, జూన్, జూలై నెలల్లో కత్తిరింపు మంచిది. చెట్టు నడిమికి వెలుగు, గాలి చేరుతాయి. ఎంత కోసినా ఒక ఏడాదిలో నాలుగోవంతు ఆకుకు మించి తీయకూడదు. ఆకు చెట్టుకు వంటిల్లు.

మన ప్రాంతానికి ఇంకో గడువు కూడా ఉంది. అక్టోబరు, నవంబరు నెలలంటే తుపాను కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఎలా ఊడ్చిపెట్టిందో మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఇంటి మీదికి వంగిన ఎండుకొమ్మ మామూలు గాలికి నిలిచిందని తుపానుకు నిలవదు. కనక దాన్ని ఆ నెలలకు ముందే దింపాలి.

అయితే కొబ్బరికి, తాడికి ఈ రంపం పనికిరాదు. వాటికి కొమ్మలే లేవు. పెరిగే మొగ్గ తలలో ఒక్కటే, దాన్నే మొవ్వు అంటాం. మొవ్వుకు దెబ్బ తగిలిందా, చెట్టు చచ్చినట్టే. మాను మీద గాటు పడితే కప్పడానికి మామిడిలో లాగా ఏటేటా పెరిగే పొర దానికి లేదు. అందుకే పాత కొబ్బరిచెట్టుకు ఎప్పటి గాటు అప్పటిలాగే కనిపిస్తుంది.

మామిడి, వేప, నిద్రగన్నేరు అలా కాదు. వాటి బెరడు కింద బోలెడు మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. పై కొమ్మలు పోయినప్పుడు అవి లేస్తాయి. దీనికి సాక్ష్యం కావాలంటే కొవ్వూరు దగ్గర కుమారదేవం వెళ్ళండి. గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరును అందరూ “సినిమా చెట్టు” అంటారు. ఎన్నో తెలుగు సినిమాలు ఆ నీడన తీశారు. దాని వయసు 150 ఏళ్ళ దాకా ఉంటుందని చెప్పుకుంటారు. 2024 ఆగస్టులో, గోదావరికి వరద వచ్చిన రోజుల్లో, అది కూలిపోయింది. ఇక కట్టెలకే అనుకున్నారు. రాజమహేంద్రవరం రోటరీవాళ్ళు పూనుకుని, విరిగినవి తొలగించి మొదలుకు చికిత్స చేయిస్తే, కొన్ని వారాలకు చిగుళ్ళు వేసింది. సాయంత్రం దాకా ఆగి చూస్తే ఆ లేత ఆకులు కూడా పెద్దచెట్టు ఆకుల్లాగే ముడుచుకుని నిద్రపోవడం కనిపిస్తుంది.

చెట్టు మొండిది, ఎంత నరికినా చిగురిస్తుంది కదా అని మాత్రం అనుకోకండి. రోడ్ల పక్క చెట్లను తల నుంచి మాను దాకా మోడు చేసి పోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలా కొట్టిన చెట్టుకు వచ్చే చిగుళ్ళు బెరడు దగ్గర పైపైన అతుక్కుని పెరుగుతాయి. అవే లావెక్కాక గాలికి ముందుగా విరిగేవి కూడా అవే.

పని అయ్యాక రంపానికి అంటిన బంకను తుడిచి, కొద్దిగా కొబ్బరినూనె రాసి, పళ్ళకు గోనెగుడ్డ చుట్టండి. గెడను గోడకు నిలబెట్టకండి, నెల తిరిగేసరికి వంగిపోతుంది. వసారా చూరు కింద, రెండు మూడు చోట్ల ఆనించి అడ్డంగా పెట్టాలి. రంపాన్ని విప్పి వేరే దాచండి. ఆ గెడకే మళ్ళీ కత్తి కట్టుకుంటే వచ్చే వేసవిలో కాయలకు పనికొస్తుంది.