కంటికి కనపడని కొనుగోలుదారు

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి కొలువుల నిమిత్తం తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆ పట్టణంలోనే విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసింది. పెద్ద పరిశ్రమ ఏదైనా తన సరుకు అమ్ముకొనడానికి ప్రతినిధులను నియమిస్తుంది, ప్రచార శాఖను పోషిస్తుంది. అదే ఖరగ్‌పూర్ సబ్‌డివిజన్‌లోని సబంగ్ ప్రాంతంలో ఇంటి వసారాలో తుంగచాప నేసే స్త్రీకి అవేవీ లేవు. ఆమె వంటివారికి చేతనున్న సాధనం సెల్‌ఫోను ఒక్కటే. దాని ద్వారా, ముఖమైనా ఎరుగని మనిషి చేత, తాకి చూడని వస్తువును కొనిపించడం ఎట్లా?

ఆ పార్కు ఎవరి పేరు ధరించిందో ఆ ఈశ్వరచంద్ర విద్యాసాగరుడే ఈ ప్రశ్నకు పాఠం కాదగినవాడు. సంఘసంస్కర్తగా లోకమెరిగిన ఆయన ఒకప్పుడు చిన్న వ్యాపారి కూడా. 1847లో మిత్రుడు మదనమోహన తర్కాలంకారునితో కలిసి, 600 రూపాయలు అప్పు తెచ్చి, కలకత్తాలో సంస్కృత ముద్రణాలయం స్థాపించాడు. కృష్ణనగర రాజభవనంలోని మూల ప్రతిని ఆధారం చేసుకొని భారతచంద్రుని ‘అన్నదామంగళ్’ అచ్చువేశాడు. ఫోర్ట్ విలియం కళాశాల 100 ప్రతులను 600 రూపాయలకు కొన్నది. అప్పు తీరిపోయింది. ఆయన చేసినవి రెండే పనులు. సరుకు ఎవరికి అవసరమో తెలుసుకున్నాడు. అది నికార్సైనదని నమ్మడానికి ఆధారం చూపాడు. నేటి ఆన్‌లైన్ దుకాణానికీ ఈ రెండే పునాదులు.

దూరపు బేరంలో నమ్మకం సమస్య కొత్తది కాదు. 1877లో మన తపాలా శాఖ వి.పి.పి. పద్ధతి ప్రవేశపెట్టింది. పార్సిల్ చేతికి అందినప్పుడే సొమ్ము చెల్లించే ఆ ఏర్పాటు కొనేవాని జంకును పోగొట్టింది. 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సంగీత సభలలో ఆ మందును ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవారే ఆయనకు ప్రచారకులైనారు.

ఆన్‌లైన్‌లో చాపను అట్లా పంచిపెట్టడం సాధ్యం కాదు. కొనేవాని చేయి చేయవలసిన పనిని అక్షరం, ఛాయాచిత్రం చేయాలి. సబంగ్ చాపలలో ఏక్‌రోఖా పలుచనిది, దోరోఖా మందమైనది, మస్లంద్ అతి సన్నని పుల్లలతో నేసినది. ఈ తేడా తెలియజెప్పకపోతే ధరలోని తేడా అన్యాయంగా తోస్తుంది. పగటి వెలుతురులో తీసిన నాలుగు చిత్రాలు చాలును: పరచిన చాప, అంచు దగ్గరి అల్లిక, చుట్టిన చాప, దానిపై కూర్చున్న మనిషి. పొడవు, వెడల్పు, బరువు, శుభ్రపరచే విధానం పక్కనే వ్రాయాలి.

పేరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బెంగాలీలు ‘మాదుర్’ అని వెదుకుతారు; తెలుగువారు ‘తుంగచాప’ అని వెదుకుతారు. అమ్మేవారు తమకు అలవాటైన పేరు ఒక్కటే పెడితే తక్కినవారికి ఆ దుకాణం ఉన్నా లేనట్టే. మేదినీపూర్ మాదుర్‌కాఠీ చాపలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్లాస్టిక్ చాపల పోటీలో నిలవవలసిన నేతపనివారికి ఆ గుర్తింపు విలువైన ఆయుధం. అర్హులైనవారు దానిని మొదటి వాక్యంలోనే చెప్పుకోవాలి.

ఇక లెక్క. ఒక చాప ధర రు. 900 అనుకుందాం. పుల్ల, నూలు, కూలి కలిపి రు. 600, పార్సిల్‌కు రు. 120, అమ్మకపు వేదిక కమీషను రు. 90. మిగిలేది రు. 90. ఒక్కొక్క కొనుగోలుదారును రప్పించడానికి ప్రకటనలకు రు. 100 వెచ్చిస్తే ప్రతి అమ్మకానికీ పది రూపాయల నష్టమే. ఆర్డర్లు పెరుగుతున్న కొద్దీ అప్పూ పెరుగుతుంది. ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అని చాప తిరిగివస్తే, రానుపోను ఖర్చు రు. 240 దాదాపు మూడు చాపల లాభాన్ని మింగివేస్తుంది. కనుక రంగును ఉన్నదానికన్నా మెరిపించి చూపిన ఛాయాచిత్రం అమ్మేవానికే శత్రువు.

అబద్ధపు మెప్పు సంగతీ అంతే. అమ్మకందారులు కొనుగోలుదారుల వేషంలో తమ సరుకును తామే పొగడుకొనడాన్ని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. నిజమైన మెప్పుకు దగ్గరి దారి వేరే ఉంది. సరుకు చేరిన వారం తరువాత ‘చాప ఎట్లా ఉంది?’ అని మర్యాదగా ఒక సందేశం పంపడం, లోపం చెప్పినవారికి వెంటనే బదులివ్వడం, వారి అనుమతితో వారి మాటను, వారు తీసిన చిత్రాన్ని దుకాణంలో ఉంచడం. ఒకసారి కొని తృప్తి చెందిన గృహిణి రెండవసారి వచ్చినప్పుడు ప్రకటన ఖర్చు ఉండదు. ఆమె తన చెల్లెలిని వెంటబెట్టుకొని వస్తే అదీ లాభమే.

పెద్ద సంస్థ తన పేరును ఊరూరా చాటించగలదు. చిన్న దుకాణదారునికి అంత పెట్టుబడి ఉండదు, అంత అవసరమూ లేదు. ఈ నెల కొన్న పదిమందిలో ముగ్గురు వచ్చే పండుగకు మళ్ళీ ఆర్డరు పంపితే, సబంగ్ వసారాలోని మగ్గం ఆగకుండా నడుస్తుంది.