కోపం తగ్గాక లెక్క చూద్దాం

2024 డిసెంబరు 30, మెల్‌బోర్న్ టెస్టు చివరి రోజు. ఒక్క సెల్‌ఫోన్ చుట్టూ మా గదివాళ్ళమంతా చేరాం. టీ విరామం తర్వాత మనవాళ్ళు 3 వికెట్లకు 121. డ్రా ఖాయమనుకున్నాం. ఆ తర్వాత 34 పరుగులకే 7 వికెట్లు పోయాయి. రోహిత్‌నీ, కోహ్లినీ తిట్టనివాడు లేడు. ఇక క్రికెట్ చూడనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

అభిమానం ఉన్నచోటే కోపం ఉంటుంది. కానీ కోపంలో కారణం కనబడదు. పెర్త్‌లో 295 పరుగుల తేడాతో గెలిచిన జట్టు సిరీస్‌ను 3-1తో ఎందుకు పోగొట్టుకుంది? 10 ఇన్నింగ్స్‌లలో 6 సార్లు 200 లోపే ఆలౌటైంది. ఆస్ట్రేలియా పిచ్‌లపై బంతి మన దగ్గరకంటే ఎక్కువ ఎత్తు లేస్తుంది. ఆఫ్‌స్టంప్ బయటి బంతిని వదిలేసే ఓపిక లేకపోతే, అది బ్యాటు అంచుకు తగిలి కీపరుకో స్లిప్‌కో చేరుతుంది. మనవాళ్ళు ఆ తప్పే మళ్ళీ మళ్ళీ చేశారు. బౌలింగ్ భారం బుమ్రా ఒక్కడిమీదే పడింది. 32 వికెట్లు తీసిన అతడు వెన్నునొప్పితో సిడ్నీ రెండో ఇన్నింగ్స్‌లో బంతి వేయలేకపోయాడు.

ఆ మెల్‌బోర్న్‌లోనే మన విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి, 21 ఏళ్ళవాడు, ఎనిమిదో స్థానంలో వచ్చి 114 పరుగులు చేశాడు. తిట్ల హోరులో ఆ మాట మరిచిపోయాం.

తమ్ముళ్ళూ! డిగ్రీ మొదటి ఏడు నాకు ఇంగ్లీషు పేపరు పోయింది. ఇంట్లో తిట్టారే గాని, ఎక్కడ తప్పానో చెప్పగల చదువు మావాళ్ళకు లేదు. హాస్టల్లో ఒక అన్న ప్రశ్నపత్రం ముందుపెట్టి, "మార్కులు ఎక్కడ పోయాయిరా?" అని అడిగాడు. మళ్ళీ రాసి పాసయ్యాను. మన జట్టు ఓడినప్పుడు కూడా ఆ అన్నలాగే అడుగుదాం.